తొట్లకొండా, బొజ్జన్నకొండా, లేక ఏకంగా ఎల్లోరాకేనా? విశాఖ నుంచి పాత రాళ్ళు చూడబోయే వాళ్ళకి

సంక్రాంతి దగ్గరపడితే మా ఇంట్లో ఏటా ఇదే చర్చ. హైదరాబాద్ నుంచి అక్కా బావా పిల్లాడితో దిగుతారు. ఆర్కే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం అన్నీ ఎప్పుడో అయిపోయాయి. "ఈసారి పాతది ఏదైనా చూపించు మావయ్యా, నిజంగా పాతది" అన్నాడు మేనల్లుడు. వాడికి పన్నెండేళ్ళు. పక్కనే అమ్మ. మోకాళ్ళ నొప్పులతో నాలుగు మెట్లు ఎక్కితే ఓ చోట కూర్చోవాలి. బావకి చరిత్ర పిచ్చి. అక్కకి జనం లేని చోటు కావాలి. నలుగురికీ సరిపోయే కొండ ఏదో తేల్చాల్సిన పని నా మీద పడింది. అప్పటి నుంచి ఒక్కో కొండా ఒక్కో రకం మనుషులతో ఎక్కాను. విశాఖలో ఉంటూ ఇదే ప్రశ్న నన్ను అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, నేను తిరిగినంత మేరా, తెలుసుకున్నంత మేరా ఇక్కడ రాస్తున్నాను.

మన చుట్టుపక్కల బౌద్ధుల కాలపు కొండలు నాలుగు ముఖ్యం. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ. భీమిలి ఊరి మీద పావురాళ్ళకొండ. అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ, దాన్ని ఆనుకుని లింగాలకొండ. ఇవి కాక, నాలుగైదు రోజుల సెలవు దొరికితే మహారాష్ట్రలో అజంతా, ఎల్లోరా. "అవీ ఇవీ ఒక గాటన కట్టడమేమిటి" అని మీరు అనుకోవచ్చు. రాయి దగ్గర నుంచి మొదలుపెడితే ఈ పోలిక ఎందుకో తెలుస్తుంది.

ముందు రాయి సంగతి

మన కొండలు ఎర్రగా, కాలిపోయినట్టు కనిపిస్తాయి కదా, అందుకని ఇవి అగ్నిపర్వతం కక్కిన లావా అని చెప్పేవాళ్ళు మన ఊళ్ళో తక్కువేం కాదు. మంగమారిపేట ఒడ్డున ఉన్న రాతి తోరణం దగ్గర కూడా ఆ మాట విన్నాను. అది నిజం కాదు. విశాఖ కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ అనే రాయి. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరది. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మట్టీ ఇసుకా భూమి లోపలికి దిగి, అక్కడి వేడికీ ఒత్తిడికీ మారిపోయి, సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట ఈ రాయి అయింది. తొట్లకొండ మీద ఎక్కడైనా విరిగిన రాయి ముక్క పక్కన కూర్చుని దగ్గరగా చూడండి. దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి పలుకులు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. అవే అరిగి, కొట్టుకొచ్చి, భీమిలి బీచ్‌లో అల వెనక్కి పోయినప్పుడు ఇసుక మీద ఎర్రగా, నల్లగా చారలై మిగులుతాయి. పిల్లలకి ముందు బీచ్‌లో ఆ చార చూపించి, తర్వాత కొండ మీద రాయి చూపించండి. మా వాడు ఆ రోజంతా రాళ్ళు తిరగేస్తూనే ఉన్నాడు.

ఖోండలైట్‌తో చిక్కేమిటంటే అది అంతటా ఒకేలా ఉండదు. ఒక చోట గట్టిగా ఉంటుంది, పక్కనే పొరలుగా ఊడిపోతుంది. ఎండకీ వానకీ సముద్రపు గాలికీ మెత్తబడుతుంది. లోతుగా గుహ తొలిచి, లోపల సన్నని శిల్పం చెక్కుదామంటే సహకరించదు. అందుకే మన దగ్గర భిక్షువులు ఎక్కువగా ఇటుకతో కట్టారు, రాతిపలకలు పరిచారు, రాయిని నీళ్ళ తొట్లకి తొలిచారు.

అజంతా, ఎల్లోరాలది నల్లరాయి, బసాల్ట్. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట నేల చీలికల్లోంచి లావా పొంగి, పొర మీద పొరగా పరుచుకుని గడ్డకట్టింది. దక్కన్ ట్రాప్స్ అంటారు. ట్రాప్ అంటే స్వీడిష్‌లో మెట్టు అని అర్థం. అక్కడి కొండల వైపు చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది, నిజంగానే మెట్లు మెట్లుగా ఉంటాయి. ఆ రాయి ఉలికి లొంగుతుంది, చెక్కాక నిలుస్తుంది. దాని చివరి కొస మన దగ్గరే ఉంది. రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర, గోదావరి అవతల పంగిడి, గౌరీపట్నం దగ్గర ఉన్న నల్లరాయి ఆ కాలపు లావాయే. అక్కడి క్వారీల నుంచి వచ్చే నల్ల కంకరని మన రోడ్ల మీద చూసే ఉంటారు. రైల్లో గోదావరి దాటేటప్పుడు మా వాడికి ఈ సంగతి చెబితే, "అంటే లావా రాజమండ్రి దాకా వచ్చిందా" అని కిటికీ వదల్లేదు.

కాబట్టి ఎంచుకోవడానికి నా మొదటి ప్రశ్న ఇది: మీరు చూడాలనుకునేది మనుషులు బతికిన చోటా, చెక్కిన రాయా? మొదటిదైతే భీమిలి దారి పట్టండి. రెండోదైతే అనకాపల్లి, ఆ తర్వాత నల్లరాయి దేశం.

తొట్లకొండ, బావికొండ

ఒక్క పూటే చేతిలో ఉంటే, బయటి ఊరి చుట్టాలుంటే, ముసలివాళ్ళు ఉంటే తొట్లకొండే. ఊరి నుంచి 16 కిలోమీటర్లు. బండి పైదాకా పోతుంది కాబట్టి అమ్మ కూడా దిగగానే స్తూపం ముందుకి వచ్చేసింది. సొంత బండి లేకపోతే భీమిలి వెళ్ళే 900కె సిటీ బస్సు ఎక్కి కొండ కింద దిగొచ్చు. అక్కడి నుంచి పైకి ఎక్కుడు దారి ఉంది, ఆటో మాట్లాడుకోకపోతే ఎండలో ఇబ్బంది పడతారు.

ఈ కొండ మీద స్థావరం పెట్టాలని నావికాదళం సర్వే చేస్తున్నప్పుడు శిథిలాలు బయటపడ్డాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1992 దాకా తవ్వింది. మహాస్తూపం, చిన్న స్తూపాలు, చైత్యగృహాలు అంటే ప్రార్థనా మందిరాలు, భిక్షువుల గదుల వరసలు, భోజనశాల, నీళ్ళు పోయే కాలువలు అన్నీ దొరికాయి. శాతవాహనుల సీసపు నాణేలూ, రోమన్ వెండి నాణేలూ దొరికాయి. క్రీస్తుకు ముందు రెండు మూడు శతాబ్దాల నుంచి క్రీస్తు తర్వాత మూడో శతాబ్దం దాకా ఇక్కడ భిక్షువులు ఉన్నారు. కొండ అసలు పేరు సేనగిరి. రాతిలో తొలిచిన తొట్లని చూసి తర్వాతి జనం తొట్లకొండ అన్నారు.

అయితే ఒక మాట ముందే చెప్పి తీసుకెళ్ళండి. అక్కడ శిల్పాలుండవు, బుద్ధుడి విగ్రహమూ ఉండదు. ఆ కాలపు భిక్షువులకి స్తూపమే బుద్ధుడు. కనిపించేదంతా మోకాలి ఎత్తు గోడలు, పునాదులు. అజంతా ఫొటోలు చూసి వచ్చిన అక్క మొదట నిరాశపడింది. "ఇంతేనా?" అంది. అప్పుడు తనని గదుల వరస దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక గది గడపలో నిలబడితే రెండు చేతులు చాచినంత చోటు. ఒక మనిషి పడుకోవడానికి సరిపోతుంది, రెండో మనిషికి చాలదు. వానాకాలం మూడు నెలలు తిరుగుడు మానేసి ఒక చోట ఉండాలనేది భిక్షువుల నియమం. ఈ కొండ మీద, సముద్రపు గాలివానలో, ఆ గదిలో. అక్క గోడ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

నాకైతే తొట్లే ఈ కొండకి ప్రాణం. పదకొండు తొట్లు తొలిచారు. కొండ మీద బావి పడదు, ఊట లేదు. కురిసిన వానని పట్టుకుని ఏడాదంతా దాచుకోవాలి. తొట్టి అంచు దగ్గర కూర్చుని లోపలికి చూస్తే ఉలి గాట్లు కనిపిస్తాయి. ఒక్కో గాటూ బెత్తెడు కూడా ఉండదు. ఏళ్ళ తరబడి ఆ గాట్లు పడితేనే ఆ లోతు వచ్చింది. పక్కకి తిరిగితే కింద నీలంగా సముద్రం, దూరంగా రేవులో చోటు కోసం లంగరు వేసుకుని ఉన్న ఓడలు. రోమ్ నాణెం ఈ కొండకి ఎలా చేరిందో ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

2019 అక్టోబరు వానలకి ఇక్కడి మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. మళ్ళీ కట్టారు. అంటే మీకిప్పుడు కనిపించే స్తూపంలో పాతదీ కొత్తదీ కలిసి ఉన్నాయి. కడుపు తరుక్కుపోయే సంగతి ఇది. రెండు వేల ఏళ్ళు నిలిచింది మన కళ్ళ ముందు జారిపోయింది. ఫొటో కోసం గోడల మీదికి ఎక్కేవాళ్ళని చూస్తే నేను ఊరుకోను, మీరూ ఊరుకోకండి. పెళ్ళి ఫొటోలు తీసుకునే జంటలు ఆదివారం సాయంత్రం వరస కట్టి ఉంటారు. అందుకే పొద్దున్నే వెళ్ళమంటాను.

బావికొండ కూడా అదే దారిలో, తిమ్మాపురం దగ్గర. 1982 నుంచి 1987 దాకా తవ్వారు. నీళ్ళు నిలవ చేసే బావుల వల్ల ఆ పేరు. ఇక్కడి మహాచైత్యంలో, అంటే పెద్ద స్తూపంలో, ధాతుకరండం (అస్థికలు దాచే పాత్ర) దొరికింది, అందులో ఎముక ముక్క ఉంది. అది బుద్ధుడిదేనని నమ్మేవాళ్ళున్నారు. రెండు కొండల్లో ఏది అని అడిగితే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి తొట్లకొండ చెబుతాను. అది చూసేసినవాళ్ళకీ, మా అక్కలా జనం వద్దనుకునేవాళ్ళకీ బావికొండ. గాలి చప్పుడు తప్ప ఇంకేం వినపడని పూటలు ఉంటాయి అక్కడ. దుకాణాలుండవు, నీళ్ళూ తిండీ మీరే పట్టుకెళ్ళాలి. రెండూ ఒకే పొద్దున చూడొచ్చు గానీ, చిన్నపిల్లలతో వద్దు. రెండో కొండకి వచ్చేసరికి వాళ్ళకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

పావురాళ్ళకొండ గురించి పెద్దగా చెప్పను. నరసింహస్వామి కొండ అంటారు భీమిలిలో. కాళ్ళలో సత్తువ ఉండి, ఎక్కడం ఇష్టమైతే వెళ్ళండి. శిథిలాలు తక్కువ. పైనుంచి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు మాత్రం మరచిపోలేరు. దిగొచ్చాక భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూడొచ్చు. తిరుగు దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. 2014లో భూవిజ్ఞాన వారసత్వ స్థలంగా ప్రకటించారు. అవీ లావా కాదు, గాలీ నీళ్ళూ పోసిన ఇసుక.

బొజ్జన్నకొండ

ఇక నేను అందరికన్నా ముందు వెళ్ళమనేది, అందరూ ఆఖర్న వెళ్ళేది ఈ కొండకి. ఊరి నుంచి నలభై కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి వాయిదా వేస్తారు. అనకాపల్లికి రైళ్ళున్నాయి, కాంప్లెక్స్ నుంచి సిటీ బస్సులున్నాయి. అనకాపల్లిలో దిగి ఆటో మాట్లాడుకుంటే శంకరం మూడు నాలుగు కిలోమీటర్లు.

శంకరం అంటే శివుడి పేరు అనుకుంటాం. సంఘారామం, అంటే భిక్షువులుండే విహారం, జనం నోట్లో నలిగి శంకరం అయింది. బుద్ధుడి కొండ బొజ్జన్నకొండ అయింది. ధర్మం పోయినా మాట మిగిలింది. 1906 తర్వాత అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి తవ్వించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం, విషమసిద్ధి అని బిరుదున్న తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. తొట్లకొండ ఖాళీ అయ్యాక కూడా ఈ కొండ శతాబ్దాల పాటు నడిచింది. బౌద్ధంలోని హీనయానం, మహాయానం, వజ్రయానం అనే మూడు శాఖలూ ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి నిలిచాయని చెబుతారు. ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

ఇక్కడ రాయికీ మనిషికీ మధ్య జరిగిన పెనుగులాట కంటికి కనిపిస్తుంది. కొండ శిఖరాన్నే స్తూపంగా మలచబోయారు. రాయి అన్ని చోట్లా గుండ్రంగా రాలేదు. రాని చోట ఇటుకలు పేర్చి గుండ్రం తెచ్చారు. ఆ అతుకు దగ్గర నిలబడి చూడండి. ఇటు కొండ రాయి, అటు ఇటుక, మధ్యలో ఇద్దరూ రాజీపడిన గీత. మన రాయి ఎంత మొండిదో, ఆ మనుషులు ఎంత మొండివాళ్ళో ఆ గీతలో తెలుస్తుంది. బావ దాన్ని వేలితో తాకబోయి ఆగిపోయాడు, చూస్తూ ఉండిపోయాడు.

గుహలున్నాయి, పెద్దగా లోతు లేనివి. పెద్ద గుహ వాకిలి మీద కూర్చున్న బుద్ధుడు. తొట్లకొండ మీద ఎక్కడా కనిపించని ఆ రూపం ఇక్కడ మొదటిసారి ఎదురొస్తుంది. లోపల స్తంభాల మధ్య ఒకే రాతి స్తూపం, చుట్టూ ప్రదక్షిణ చేయడానికి చోటు. వాకిలి మీది బుద్ధుడి ముక్కూ కళ్ళూ అరిగిపోయాయి. మెత్తబడిన రాయి కదా. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ అరిగిన ముఖం మళ్ళీ తేలుతుంది. మిట్టమధ్యాహ్నం వెళితే ఏమీ కనిపించదు. పొద్దున్న గానీ, నాలుగు దాటాక గానీ వెళ్ళండి.

అమ్మ పైదాకా రాలేదు. మెట్లున్నాయి, బాగా ఎత్తు. కింద హారీతి బొమ్మ దగ్గర ఆగిపోయింది. "ఏ తల్లిరా ఈవిడ?" అని అడిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయి తినేసే యక్షిణి అనీ, బుద్ధుడి మాట విని పిల్లల్ని కాచే తల్లిగా మారిందనీ చెప్పాను. అమ్మ చెంగు సర్దుకుని రెండు చేతులూ జోడించింది. "మారింది కదా, అందుకే తల్లైంది" అంది. మేం దిగొచ్చేదాకా అక్కడే చెట్టు నీడన కూర్చుంది. తనకేమీ లోటు చేసినట్టు అనిపించలేదు మాకు.

పక్క లింగాలకొండ తప్పకుండా ఎక్కండి, చాలామంది వదిలేస్తారు. గుట్ట పొడుగునా రాతిలోనే తొలిచిన చిన్నా పెద్దా స్తూపాలు వరసలు వరసలుగా, పుట్టగొడుగులు మొలిచినట్టు. దూరం నుంచి లింగాల్లా కనిపిస్తాయి, అందుకే ఆ పేరు. మెట్ల వరసలు సరిగా లేవు, అడుగు చూసుకుని వెయ్యాలి, వాన పడ్డ మర్నాడు వద్దే వద్దు.

కనుమ నాడు ఇక్కడికి చుట్టుపక్కల ఊళ్ళ జనం బాగా వస్తారు. ఒకప్పుడు ఆ రోజు ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడి బొజ్జ అనుకుని రాళ్ళు రువ్వేవారు. వారసత్వం కాపాడాలనే వాళ్ళు ఏళ్ళ తరబడి నచ్చజెప్పి దాన్ని మాన్పించారు. ప్రశాంతంగా చూడాలంటే కనుమ కాకుండా ఇంకో రోజు చూసుకోండి.

నల్లరాయి దగ్గరికి: ఎల్లోరానా, అజంతానా

ఇక నాలుగైదు రోజులున్నవాళ్ళ సంగతి. మన వైపు జనం చాలామంది ఎలాగూ షిరిడీ వెళతారు. షిరిడీ నుంచి ఎల్లోరా సుమారు వంద కిలోమీటర్లు. పక్కనే ఘృష్ణేశ్వర జ్యోతిర్లింగం. అమ్మలూ అత్తయ్యలూ ఉన్న బృందానికి ఇంతకన్నా మంచి కూడిక లేదు. దర్శనమూ అవుతుంది, గుహలూ అవుతాయి. ఎల్లోరాకి దగ్గర్లోనే దౌలతాబాద్ కోట ఉంది, కానీ దానికి మెట్లు విపరీతం. పెద్దవాళ్ళతో అయితే కింద నుంచే దణ్ణం పెట్టేయండి.

అజంతా అలా కలవదు. ఔరంగాబాద్, ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్నారు, అక్కడి నుంచి వంద కిలోమీటర్లు అటువైపు. ఒక రోజు మొత్తం దానికే ఇవ్వాలి. మీ బండి గుహల దాకా పోదు, నాలుగు కిలోమీటర్ల ముందే ఆపేసి అక్కడి బస్సు ఎక్కాలి. ఆ తర్వాత మెట్లు. నడవలేనివాళ్ళకి డోలీలు దొరుకుతాయి.

సెలవు రోజులు గుర్తుపెట్టుకోండి. అజంతా సోమవారం మూత, ఎల్లోరా మంగళవారం మూత. మొదటిసారి మాకు బండి కుదిర్చినవాళ్ళు సోమవారం అజంతా పెట్టారు. పొద్దున్నే లేచి, వంద కిలోమీటర్లు పోయి, మూసిన గేటు చూసి వెనక్కొచ్చాం. మేనల్లుడు దారంతా మాట్లాడలేదు. సోమవారం ఆ ఊళ్ళో ఉంటే ఎల్లోరా, మంగళవారం అజంతా, అంతే.

రెండింటిలో ఒక్కటే అంటే? ఎల్లోరాలో 34 గుహలున్నాయి. మొదటి పన్నెండు బౌద్ధం, 13 నుంచి 29 దాకా హిందూ, చివరి ఐదు జైనం. మూడు మతాల వాళ్ళూ ఒకే కొండ అంచున చెక్కారు. 16వ నంబరు కైలాసాలయం. రాష్ట్రకూట మొదటి కృష్ణుడి కాలం, 8వ శతాబ్దం. మన వేంగి చాళుక్యుల మీదికి దండెత్తి వచ్చిన రాష్ట్రకూటులే వీళ్ళు. గుడిని కట్టలేదు. కొండ పైనుంచి కిందికి చెక్కుకుంటూ దిగారు. శిఖరం ముందు, పునాది ఆఖర్న. ఒక్క దెబ్బ తప్పు పడితే అతికించడానికి లేదు. బొజ్జన్నకొండలో ఇటుకలతో సరిదిద్దిన గీత చూసి వచ్చాక, ఇక్కడ సరిదిద్దే అవసరమే రాని రాయి ముందు నిలబడితే లావా ఏమిచ్చిందో అర్థమవుతుంది. కైలాసం ముందు నుంచి చూసి వెళ్ళిపోకండి. పక్కనున్న దారి పట్టి కొండ పైకి ఎక్కి, వెనక నుంచి కిందికి చూడండి. పని ఎక్కడ మొదలైందో అక్కడ మీరుంటారు.

10వ గుహలోకి వెళ్ళగానే మేనల్లుడు ఆగిపోయాడు. లోపల స్తూపం, దాని ముందు కూర్చున్న బుద్ధుడు, పైన చెక్క దూలాల్లా చెక్కిన రాతి పక్కటెముకలు. "మావయ్యా, అనకాపల్లిలో చూసిందే కదా ఇది" అన్నాడు. అదే. ముక్కూ కళ్ళూ అరగకుండా ఉన్న అదే. ముందు మన కొండలు చూపించి తర్వాత అక్కడికి తీసుకెళ్ళమని నేను పట్టుబట్టేది ఇందుకే. తిరగేసి వెళితే, ఎల్లోరా చూసొచ్చిన కళ్ళకి బొజ్జన్నకొండ బోసిగా కనిపిస్తుంది.

అజంతా వేరే రకం. వాఘోర్ వాగు గుర్రపు నాడాలా వంపు తిరిగిన చోట, నిట్టనిలువు నల్లకొండ అంచున సుమారు 30 గుహలు. కొన్ని క్రీస్తుకు ముందువి, ఎక్కువ 5వ శతాబ్దంలో వాకాటక రాజు హరిషేణుడి కాలానివి. 1819లో వేటకొచ్చిన జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు సైనికాధికారి కంటపడ్డాయి. 10వ గుహ స్తంభం మీద అతను గీకిన పేరు ఇంకా ఉంది. అంత పాత బొమ్మ మీద పేరు గీకాలనే బుద్ధి అప్పుడూ ఉందన్నమాట. నిజాం కాలంలో ఇవి హైదరాబాద్ సంస్థానంలో ఉండేవి. ఇటలీ నుంచి నిపుణులని పిలిపించి బొమ్మలు ఊడకుండా చేయించారు, కానీ వాళ్ళు పూసిన లక్క పూత తర్వాత పసుపెక్కింది.

అక్కడికి వెళ్ళేది రంగుల బొమ్మల కోసం. 1, 2, 16, 17 గుహలు తప్పనిసరి. లోపల చీకటి, లైట్లు మసక, ఫ్లాష్ కొట్టనివ్వరు. గబగబా తిరిగేవాళ్ళకి గోడ మీద మరకలే కనిపిస్తాయి. 1వ గుహలో పద్మపాణి అనే బోధిసత్వుడి బొమ్మ ముందు ఐదు నిమిషాలు కదలకుండా నిలబడండి. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక ముందు వంచిన మెడ, తర్వాత చేతిలో తామర, ఆఖర్న వాల్చిన కనురెప్పలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఓపికున్నవాళ్ళకీ, బొమ్మలు గీసేవాళ్ళకీ అజంతా. పిల్లలకీ, పెద్దవాళ్ళకీ, ఒక్కసారే వెళ్ళగలిగేవాళ్ళకీ ఎల్లోరా. నా మనసు అజంతా వైపు ఉన్నా, ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళేవాళ్ళకి ఎల్లోరానే చెబుతాను.

కాలం సంగతి. మన కొండలకి నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అక్టోబరులో తుపాన్ల భయం. ఏప్రిల్ వచ్చిందంటే సముద్రపు ఉక్కకి పది గంటలకే ఒళ్ళు తడిసిపోతుంది. అటువైపు మే నెలలో నల్లరాయి పెనంలా కాలుతుంది, చెప్పులు విప్పాల్సిన గుహల దగ్గర కాళ్ళు పెట్టలేరు, మేజోళ్ళు పట్టుకెళ్ళండి. వానాకాలంలో అజంతా కొండంతా పచ్చబడి వాగు జలపాతమై దూకుతుంది. మెట్లు జారతాయి, అయినా చూడాల్సిన రూపం అదే.

ఈ సంక్రాంతికి మా ఇంట్లో తేల్చింది ఇది. భోగికి ముందు రోజు పొద్దున్న ఆరింటికి బయల్దేరి బొజ్జన్నకొండ, లింగాలకొండ. మనిషికి రెండు సీసాల నీళ్ళు, అమ్మకి మడత కుర్చీ, హారీతి తల్లికి పసుపూ కుంకుమా. పదింటికల్లా దిగిపోయి అనకాపల్లిలో టిఫిను. అప్పటికి కొత్త బెల్లం వచ్చి ఉంటుంది. అరిసెలకి అమ్మ తానే దగ్గరుండి, ముక్క విరిచి నోట్లో వేసుకుని చూసి మరీ దిమ్మ ఎంచుకుంటుంది, కాబట్టి ఆ దుకాణం దగ్గర ఓ అరగంట పట్టినా తొందరపెట్టకూడదని పిల్లాడికి ముందే చెప్పాను.